డిజిటల్ చిత్రసవరణ మెళకువలు: అభ్యాసానికి చరిత్ర అవసరం

వ్యాససంగ్రహం:

డిజిటల్ చిత్రసవరణను నేడు ఎక్కువగా సాఫ్ట్‌వేర్ మెనూల వరుసగా నేర్పుతున్నారు. ఏ మెళకువ ఏ అవసరం నుంచి పుట్టిందన్న ప్రశ్నకు ఆ బోధనలో చోటు తక్కువ. ఫొటోగ్రఫీ చీకటిగది, సినిమా ట్రిక్ ఛాయాగ్రహణం, 1990ల నాటి వెబ్ పరిమితులు అనే మూడు మూలాల నుంచి ఈ మెళకువలు రూపొందిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చిత్రంలో దేనిని నిలుపుకోవాలి, దేనిని వదులుకోవచ్చు అనే నిర్ణయమే ప్రతి మెళకువకూ మూలమని ప్రతిపాదిస్తుంది. తెలుగు ముద్రిత పుటల స్కానింగు, చిత్రరూపంలో వెలువడే తెలుగు పాఠం అనే రెండు సందర్భాలకు ఈ ప్రతిపాదనను అన్వయించి, అభ్యాసక్రమానికి కొన్ని సూచనలు చేస్తుంది.

కీలకపదాలు: చిత్రసవరణ, పిక్సెల్, మాస్క్, లేయర్, ఆల్ఫా ఛానెల్, వెబ్ గ్రాఫిక్స్, స్కానింగు, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

పాత తెలుగు పత్రికలోని ఒక పుటను స్కాను చేశామనుకుందాం. కాగితం మీది మరకలు, పురుగు కొట్టిన చిన్న రంధ్రాలు పోవడానికి మచ్చలు తొలగించే ఫిల్టరును నడిపితే పుట శుభ్రపడుతుంది. అయితే ‘థ’ అక్షరం పొట్టలోని చుక్క కూడా కంప్యూటరుకు ఒక మచ్చే. ఆ చుక్క పోతే ‘కథ’ ‘కధ’ అవుతుంది. పాత ముద్రణల్లో ఈ రెండు రూపాలూ కనిపిస్తాయి కాబట్టి, వర్ణక్రమం మీద పరిశోధన చేసే వ్యక్తి ఆ రూపాన్ని రచయితకో, అచ్చుకూర్పరికో ఆపాదించే ప్రమాదం ఉంది. తప్పు చేసింది ఫిల్టరు అన్న ఆధారం ఆ ఫైలులో మిగలదు.

ఇక్కడ ఫిల్టరును నడిపిన వ్యక్తికి నైపుణ్యం లేదని చెప్పలేం. ఏ మీట నొక్కాలో అతనికి తెలుసు. ఆ మీట దేనిని గుర్తుగా, దేనిని మచ్చగా లెక్కిస్తుందో తెలియదు. చిత్రసవరణ అభ్యాసంలో ఈ రెండో జ్ఞానం కొరవడుతున్నది. మెళకువల పుట్టుకను పరిశీలించడం ద్వారా దానిని కొంతవరకు పూరించవచ్చునన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

2. చీకటిగది వారసత్వం:

చిత్రాన్ని దిద్దడం కంప్యూటరుతో మొదలైన పని కాదు. ఆస్కార్ రెయిలాండర్ 1857లో 30కి పైగా నెగెటివ్‌లను కలిపి ‘టూ వేస్ ఆఫ్ లైఫ్’ అనే ఒకే చిత్రాన్ని రూపొందించాడు. విడివిడిగా తీసిన మనుషులను ఒకే కాగితం మీదికి తీసుకురావడానికి, ఒక్కొక్క భాగానికి వెలుతురు ఇస్తూ మిగతా కాగితాన్ని కప్పి ఉంచవలసి వచ్చింది. ఈ కప్పడమే నేటి ‘మాస్క్’కు పూర్వరూపం.

నేటి సాఫ్ట్‌వేర్లలోని పలు పరికరాల పేర్లు చీకటిగది నుంచి వచ్చినవే. ఎన్‌లార్జరు వెలుతురుకు అట్టముక్కను అడ్డుపెట్టి కొంత భాగాన్ని తేలికపరచడం ‘డాడ్జ్’. చేతివేళ్ల మధ్య సందు గుండా అదనపు వెలుతురు పంపి మరో భాగాన్ని నలుపెక్కించడం ‘బర్న్’. ఫొటోషాప్‌లో ఈ పరికరాలకు గుర్తులుగా పుల్లకు అతికించిన అట్ట, ముడిచిన చెయ్యి కనిపించడానికి కారణం ఇదే. ‘అన్‌షార్ప్ మాస్క్’ అనే పేరు విద్యార్థులను తికమక పెడుతుంది; చిత్రాన్ని పదునుపెట్టే పనికి పదును లేదనే పేరు ఎందుకు వచ్చిందని అడుగుతారు. నెగెటివ్ నుంచి కావాలనే మసకగా ఒక పాజిటివ్ తయారుచేసి, ఆ రెండింటినీ జతచేసి ముద్రించడం పాత పద్ధతి. మసక ప్రతి విశాలమైన వెలుగునీడల తేడాను తగ్గిస్తుంది, అంచుల దగ్గరి తేడా మాత్రం నిలుస్తుంది. అందువల్ల అంచులు పదునెక్కినట్టు కంటికి తోస్తాయి. కంప్యూటరు కూడా అసలు చిత్రం నుంచి మసక ప్రతిని తీసివేసి, వచ్చిన తేడానే తిరిగి కలుపుతుంది. అంటే ఈ మెళకువ లేని వివరాన్ని పుట్టించదు, ఉన్న అంచును పెద్దది చేసి చూపుతుంది. పేరు వెనుక చరిత్ర తెలిసిన విద్యార్థికి ఈ హద్దు వెంటనే అర్థమవుతుంది.

3. సంఖ్యగా మారిన చిత్రం:

అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ 1957లో తన మూడు నెలల కొడుకు ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించాడు. 176 అడ్డువరుసలు, 176 నిలువువరుసలు గల ఆ చిత్రంలో ప్రతి బిందువూ ఒక విలువ. చిత్రం సంఖ్యల పట్టికగా మారిన తరువాత దానిని దిద్దడమంటే లెక్క చేయడమే. 1970ల ప్రారంభంలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రిచర్డ్ షౌప్ రూపొందించిన ‘సూపర్‌పెయింట్’ ఆ లెక్కను కుంచె రూపంలో చిత్రకారుడి చేతికి అందించింది.

సినిమారంగం సమస్య వేరు. ఒక దృశ్యంలోని నటుడిని మరో దృశ్యంలో నిలపాలంటే, అతని ఆకారం మేరకు వెనుక దృశ్యాన్ని కప్పే ముసుగు ప్రతి ఫ్రేముకూ కావాలి. నీలి తెర ముందు చిత్రీకరించి, రంగుల తేడా నుంచి ఆ ముసుగును రాబట్టే పద్ధతిని పెట్రో వ్లాహోస్ ‘బెన్‌హర్’ (1959) కోసం అభివృద్ధి చేశాడు. ఈ ముసుగును చిత్రంలోనే ఒక భాగంగా చేర్చిన ఘనత ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్‌లది. 1977లో వారు న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలతోపాటు ప్రతి పిక్సెల్‌కూ పారదర్శకతను తెలిపే నాలుగో విలువను జోడించి, దానికి ‘ఆల్ఫా’ అని పేరు పెట్టారు. 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ప్రచురించిన పరిశోధనపత్రం చిత్రాల కలయికకు ఒక బీజగణితాన్ని ఏర్పరచింది. పై చిత్రం ఒక పిక్సెల్‌ను 30 శాతం మేర కప్పితే, కింది చిత్రం 70 శాతం మేర కనిపిస్తుందన్నది అందులోని మూలసూత్రం. ఈ నలుగురి కృషికి 1996లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారం లభించింది. ఒక పరిశోధనపత్రంలోని సూత్రం సినిమా తెరకూ, వెబ్ బ్రౌజరుకూ ఒకేవిధంగా పునాది కావడం గమనించదగిన విషయం.

తెలుగు సినిమా చరిత్రలో ఈ రెండు యుగాలూ ఒకే చిత్రంలో కలుస్తాయి. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘మాయాబజార్’లోని మాయాదృశ్యాలను మార్కస్ బార్ట్‌లే కెమెరా, ఫిల్ము, దీపకాంతుల సాయంతోనే సాధించాడు. ఆ చిత్రానికే హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్దగా, 2010 జనవరిలో అది తిరిగి విడుదలైంది. రంగులద్దే పనిలో మొదటి మెట్టు ముసుగే: ముఖం ఎక్కడ ముగిసింది, నగ ఎక్కడ మొదలైంది అన్నది ఫ్రేము ఫ్రేముకూ తేల్చాలి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నిమిషానికి 1,440 ఫ్రేములు. అసలు వెలుగునీడలు ఫిల్ములో ఉన్నాయి. పట్టుచీర ఏ రంగుదో అందులో లేదు. మొదటిది మూలం నుంచి వచ్చిన సాక్ష్యం, రెండోది సవరణకర్త ఊహ. రంగుల ప్రతిని చూసి ఆనాటి వస్త్రాలంకరణ గురించి రాసే పరిశోధకుడు ఈ తేడాను మరవరాదు.

4. పొరలు: మూలాన్ని కాపాడుకొనే ప్రయత్నం:

మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న థామస్ నోల్, నలుపు తెలుపు బిందువులు మాత్రమే చూపగల తన మాకింటోష్ ప్లస్ తెర మీద బూడిదరంగు ఛాయలను చూపడానికి 1987లో ఒక చిన్న ప్రోగ్రాము రాశాడు. ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థలో పనిచేస్తున్న అతని తమ్ముడు జాన్ నోల్ అందులోని అవకాశాన్ని గుర్తించాడు. సోదరులిద్దరి కృషి ఫలితమే 1990 ఫిబ్రవరిలో అడోబీ సంస్థ విడుదల చేసిన ఫొటోషాప్. పరిశోధనశాలా, సినిమా స్టూడియో దాని పుట్టుకలోనే కలిసి ఉన్నాయి. దాని 1.0.1 రూపపు మూలసంకేతాన్ని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం 2013లో అధ్యయనం కోసం అందుబాటులో ఉంచింది.

తొలి ఫొటోషాప్‌లో పొరలు లేవు. ఒక బొమ్మను మరో బొమ్మ మీద అతికించి ఎంపికను వదిలేస్తే, కింది పిక్సెల్‌లు శాశ్వతంగా చెరిగిపోయేవి. వెనక్కి వెళ్లడానికి ఒకే ఒక మెట్టు ఉండేది. 1994లో వచ్చిన మూడో రూపం పొరలను, అంటే ‘లేయర్ల’ను ప్రవేశపెట్టింది. 1996లో వచ్చిన నాలుగో రూపంలో రంగు, వెలుతురు మార్పులే ఒక పొరగా మారి, కింది చిత్రాన్ని తాకకుండా దాని రూపాన్ని మార్చే వీలు కలిగింది. 1998లో అయిదో రూపం అనేక దశలు వెనక్కి వెళ్లే ‘హిస్టరీ’నీ, రాసిన తరువాత కూడా దిద్దుకోగల అక్షరాలనూ ఇచ్చింది. 2005లో వచ్చిన ‘స్మార్ట్ ఆబ్జెక్ట్’ చిత్రాన్ని కుదించి మళ్లీ పెంచినా మూలం చెడకుండా చూసింది.

ఈ మార్పులను కొత్త సౌకర్యాల జాబితాగా చదివితే వాటి దిశ కనిపించదు. పదిహేనేళ్ల ఈ క్రమమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: మార్పు చేసిన తరువాత కూడా మూలం మిగలాలంటే ఏం చేయాలి? తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించే పండితుడు మూలపాఠాన్ని చెరపడు. తన సవరణను పక్కన చూపుతాడు. పాఠాంతరాలను అడుగున ఇస్తాడు. పొరలతో పనిచేయడం ఆ పరిష్కరణ సంప్రదాయానికి దగ్గరి పద్ధతి. తెలుగు పరిశోధకుడికి ఈ పోలిక ద్వారా లేయర్ల ఆవశ్యకతను సులభంగా బోధపరచవచ్చు.

5. వెబ్ విధించిన పరిమితులు:

తొలినాటి వెబ్ పుటలో అక్షరాలే ప్రధానం. 1993లో మొజాయిక్ బ్రౌజరు చిత్రాలను పాఠంతోపాటే ఒకే పుటలో చూపడంతో వెబ్ గ్రాఫిక్స్ అనే పని వ్యాపించింది. దానికి మొదటి అడ్డంకి వేగం. 640×480 పిక్సెల్‌ల రంగుల చిత్రానికి, ఏ కుదింపూ లేకపోతే, 9,21,600 బైట్లు కావాలి. సెకనుకు 28,800 బిట్లు తెచ్చే మోడెమ్ మీద ఆ చిత్రం రావడానికి 256 సెకన్లు, అంటే నాలుగు నిమిషాలకు పైగా పడుతుంది. కాబట్టి వెబ్ చిత్రకారుడికి తొలి పాఠం ‘ఎంత తీసివేయవచ్చు’ అన్నదే.

తీసివేయడానికి రెండు దారులు ఏర్పడ్డాయి. 1987లో కంప్యూసర్వ్ సంస్థ రూపొందించిన ‘జిఫ్’ రంగులను 256కు తగ్గించి, మిగిలినవాటిని నష్టం లేకుండా కుదిస్తుంది. 1992 నాటి ‘జేపెగ్’ ప్రమాణం చిత్రాన్ని 8×8 పిక్సెల్‌ల గడులుగా విడదీసి, కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మమైన మార్పులను వదిలేస్తుంది. దీనికి ఆధారమైన గణితపద్ధతిని 1974లో నాసిర్ అహ్మద్, టి.నటరాజన్, కె.ఆర్.రావు ప్రకటించారు. ఛాయలు మెల్లగా మారే ఫొటోకు జేపెగ్ అనువైనది. పదునైన అంచులుండే అక్షరానికి అది హాని చేస్తుంది. గుండ్రటి తెలుగు అక్షరాల చుట్టూ మురికి పట్టినట్టు నలుసులు చేరుతాయి. సేవ్ చేసిన ప్రతిసారీ నష్టం మళ్లీ జరుగుతుంది.

ఆనాటి అనేక తెరలు ఒకేసారి 256 రంగులే చూపగలిగేవి. వేర్వేరు కంప్యూటర్లలో స్థిరంగా కనిపించే రంగులుగా, ఒక్కో ప్రాథమిక రంగుకు ఆరు మెట్ల చొప్పున 216 రంగుల పట్టిక స్థిరపడింది. తెరలు లక్షల రంగులు చూపగలిగిన తరువాత దాని అవసరం తీరింది. అయినా పాఠ్యాంశాలలో అది చాలాకాలం కొనసాగింది. పారదర్శకత విషయంలోనూ ఇలాగే జరిగింది. జిఫ్‌లో పిక్సెల్ పూర్తిగా కనిపించాలి, లేదా పూర్తిగా మాయం కావాలి. అందుకే తెల్లటి నేపథ్యం నుంచి కత్తిరించిన ముద్రల చుట్టూ తెల్లని అంచు మిగిలేది. జిఫ్ కుదింపు పద్ధతి మీది పేటెంటు వివాదం కారణంగా రూపొంది, 1996లో ప్రమాణంగా వెలువడిన ‘పింగ్’ పూర్తి ఆల్ఫాతో ఈ సమస్యను తీర్చింది. కాని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఆ ఆల్ఫాను సరిగా చూపడం 2006లో ఏడో రూపంతోగాని జరగలేదు. ఆ పదేళ్లూ పాత కిటుకులు బతికే ఉన్నాయి.

ఒకే మెళకువ ఎన్ని రూపాలు ధరిస్తుందో తెలియడానికి అక్షరం వెనుక నీడ మంచి ఉదాహరణ. పొరలు లేని కాలంలో ఆకారాన్ని ఒక ఛానెల్‌లో నిలిపి, మసకబరచి, పక్కకు జరిపి, లెక్కలతో చిత్రంలో కలిపేవారు. 1998లో అదొక లేయర్ ఎఫెక్ట్ అయింది. తరువాత బ్రౌజరే నీడ గీయగలగడంతో అది స్టైల్‌షీటులో ఒక్క పంక్తి కోడుగా మారింది. పద్ధతి మూడుసార్లు మారినా ఎంత దూరం, ఎంత మసక, ఎంత గాఢత అన్న మూడు విలువలూ మారలేదు. గుండ్రటి మూలలు, రంగుల మేళవింపులు కూడా ఒకప్పుడు చిత్రపు ముక్కలే. ఇప్పుడు వాటికి చిత్రం అక్కరలేదు.

6. అభ్యాసమార్గాల పరిణామం:

ఈ విద్య మొదట విశ్వవిద్యాలయాల ద్వారా వ్యాపించలేదు. 1990ల తొలినాళ్లలో కాయ్ క్రౌజ ఛానెల్ లెక్కల మీద రాసిన వివరణలు ఆన్‌లైన్‌లో చేతులు మారాయి. 1996లో లిండా వైన్‌మన్ ప్రచురించిన ‘డిజైనింగ్ వెబ్ గ్రాఫిక్స్’ ఈ రంగానికి తొలి పాఠ్యగ్రంథాలలో ఒకటి. ఆమె సహస్థాపకురాలిగా ఏర్పడిన బోధనసంస్థ తరువాత వీడియో పాఠాలకు పేరుపొందింది. బర్కిలీలో విద్యార్థులుగా ఉన్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ రూపొందించిన ‘గింప్’ 1996లో వెలువడి, ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేని అభ్యాసకులకు దారి చూపింది.

తెలుగు ప్రాంతాలలో ఈ విద్య డీటీపీ కేంద్రాల్లో, మల్టీమీడియా శిక్షణ సంస్థల్లో, ఎక్కువగా పక్కన కూర్చొని చూసి నేర్చుకునే పద్ధతిలో సాగింది. పెళ్లిపత్రిక, కరపత్రం, సినిమా పోస్టరు ఆ విద్యకు పాఠశాలలు. ఈ పద్ధతి చేతిని బాగా సిద్ధం చేస్తుంది. గురువు చేతికి తెలిసిన క్రమమే శిష్యుడికీ అబ్బుతుంది. ఆ క్రమానికి కారణం ఏనాడో తొలగిపోయి ఉన్నా అది కొనసాగుతుంది. వీడియో పాఠాలలో ఈ లోపం మరింత పెరిగిందనవచ్చు. సాఫ్ట్‌వేర్ రూపం మారి మెనూ చోటు మారగానే ఆ పాఠం పనికిరాకుండా పోతున్నది.

7. తెలుగు అక్షరం, చిత్రం:

యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచీ చోటు ఉన్నప్పటికీ, సామాన్య కంప్యూటర్లలో తెలుగు అక్షరం సరిగా కనిపించడం 2001లో విండోస్ ఎక్స్‌పీ ‘గౌతమి’ ఫాంటుతో రావడం వల్ల సులభమైంది. అంతకుముందు వెబ్‌లో తెలుగు రాయాలంటే రోమన్ లిపిని ఆశ్రయించాలి, పాఠకుడిచేత ప్రత్యేక ఫాంటు దింపించుకోవాలి, లేదా పాఠాన్ని బొమ్మగా పెట్టాలి. బొమ్మగా పెట్టడం ఆనాడు అవసరం. చిత్రసవరణ సాఫ్ట్‌వేర్లు చాలా ఏళ్లు ఒత్తులను, గుణింతాలను సరిగా కూర్చలేకపోవడంతో యూనికోడేతర ఫాంట్ల వాడుక పోస్టర్ల తయారీలో కొనసాగింది.

ఆ అవసరం చాలావరకు తీరినా అలవాటు మిగిలింది. సభాహ్వానాలు, సంతాపసందేశాలు, కవితలు, సదస్సు ప్రకటనలు నేటికీ బొమ్మలుగానే వెలువడుతున్నాయి. బొమ్మలోని అక్షరం మనిషి కంటికే అక్షరం. వెతుకుడు యంత్రానికీ, అంధుల కోసం పుటను చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకూ అది నేరుగా అందదు. అక్షరగుర్తింపు తోడైనా తప్పులు దొర్లుతాయి. ఈ దశాబ్దపు తెలుగు సాహిత్య కార్యక్రమాల చరిత్రను రేపు రాయబోయే పరిశోధకుడికి ఆధారాలు వెబ్‌లో ఉండీ దొరకని పరిస్థితి ఏర్పడుతుంది. చిత్రంతోపాటు అదే పాఠాన్ని యూనికోడ్‌లో జతచేయడం కొద్ది నిమిషాల పని.

స్కానింగులో ప్రమాదం ఇంకా లోతైనది. ప్రతి పిక్సెల్‌నూ పూర్తి నలుపుగానో, పూర్తి తెలుపుగానో మార్చే సవరణ ఫైలును చిన్నది చేస్తుంది. వెలిసిపోయిన అరసున్నను, పెన్సిలుతో రాసిన అంచు వ్యాఖ్యను తుడిచివేస్తుంది. కుదింపు కూడా పాఠాన్ని మార్చగలదని 2013లో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్ నిరూపించాడు. కొన్ని జిరాక్స్ యంత్రాలు స్కాను చేసిన పత్రాలలో ఒకేలా కనిపించే గడులను ఒకదాని బదులు మరొకటి వాడుకోవడంతో 6 అంకె 8గా మారింది. పత్రం చూడటానికి చాలా శుభ్రంగా ఉంది. ఒకే పోలికలో ఉండే అక్షరాలు ఎక్కువగా గల తెలుగు లిపికి ఇది పెద్ద హెచ్చరిక. విజ్ఞానశాస్త్రరంగంలో ‘జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ’ 2002 నుంచే వ్యాసాలలోని చిత్రాలను సవరణల కోసం పరీక్షించడం మొదలుపెట్టింది. మానవీయశాస్త్రాలలో శాసనాల, తాళపత్రాల, పాత పత్రికల ఫొటోలకు అటువంటి నియమం అవసరం.

8. అభ్యాసక్రమానికి సూచనలు:

పై చర్చ ఆధారంగా కింది సూచనలు చేయవచ్చు.

1. ప్రతి పనికీ మూడు ఫైళ్లు ఉంచాలి: చేయి తగలని మూలం, పొరలతో కూడిన పనిప్రతి, కుదించిన ప్రచురణప్రతి. ప్రచురణప్రతిని మళ్లీ దిద్దకూడదు.

2. మెళకువను నేర్పేటప్పుడు అది ఏ ఇబ్బందికి సమాధానంగా పుట్టిందో, ఆ ఇబ్బంది నేడు ఉన్నదో లేదో చెప్పాలి. మాస్క్, ఆల్ఫా, వెలుగునీడల లెక్క నిలిచే సూత్రాలు. 216 రంగుల పట్టిక, తెల్లని అంచును దాచే కిటుకు చరిత్రకు చెందినవి.

3. తొలి అభ్యాసంగా ఒక పాత తెలుగు పుటను తీసుకొని, మచ్చల తొలగింపు, నలుపు తెలుపు కుదింపు వేర్వేరు స్థాయిలలో చేయించి, థ-ధ, అరసున్న, ఒత్తులు ఏ స్థాయిలో చెదిరాయో విద్యార్థిచేత గుర్తింపజేయాలి.

4. సిద్ధాంతగ్రంథంలో చేర్చే ప్రతి సవరించిన చిత్రం కింద, చేసిన సవరణను ఒక వాక్యంలో తెలపాలి.

9. ముగింపు:

చీకటిగదిలో అట్టముక్క పట్టిన చెయ్యి, సినిమా ముసుగును సంఖ్యగా మార్చిన గణితం, మోడెమ్ వేగానికి తలవంచిన వెబ్ చిత్రకారుడి పొదుపు కలిసి నేటి చిత్రసవరణను తీర్చాయి. ప్రతి తరమూ ఏదో ఒకటి వదులుకుంది; దేనిని వదులుకుంటున్నదో దానికి తెలుసు. నేడు ఒక్క మీటతో జరిగే పనిలో ఆ ఎరుక మరుగునపడుతున్నది. తెలుగు ముద్రణ వారసత్వం వేగంగా ఫైళ్లలోకి మారుతున్న ఈ కాలంలో, కాగితపు ప్రతి శిథిలమైన తరువాత ఆ ఫైలే మూలమవుతుంది. అందులో ‘థ’ పొట్టలోని చుక్క ఉంటుందా, లేదా అన్నది నేడు స్కానరు దగ్గర కూర్చున్న వ్యక్తి ఎలా నేర్చుకున్నాడన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.